ఇద్దరూ ఒప్పుకునే కొట్టుకుంటే కేసు అవుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కర్నూలు జిల్లాలో క్రిమినల్ కేసులు చూసే వకీలుని. కొట్లాట కేసుల్లో నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు కుర్చీలో కూర్చోగానే చెప్పే మాట దాదాపు ఒకటే. "సార్, వాడే రమ్మన్నాడు. నేనూ సరే అన్నాను. ఇద్దరం ఒప్పుకునే కొట్టుకున్నాం. మధ్యలో పోలీసులకేంటి సంబంధం?" ఈ ప్రశ్న గొడవకు ఒక గంట ముందు అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకు ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. ఇకపై కేవలం సెక్షన్ అని రాస్తే అది న్యాయ సంహిత సెక్షనే. పాత నంబరు అవసరమైన చోట విడిగా చెప్తాను. ఇప్పటికే మీ మీద కేసు నడుస్తుంటే మాత్రం మీ ఫైలు చూసిన మీ వకీలు చెప్పిందే వినండి.

ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కొట్టుకుంటే అసలు నేరమా, కాదా?

కొంతవరకు కాదు. ఎంతవరకు అన్నదే అసలు విషయం.

25వ సెక్షన్ (ఐపీసీలో 87) చెప్పేది ఇది. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి, తనకు తగిలే దెబ్బకు తానే ఒప్పుకుంటే, ఆ దెబ్బ కొట్టినవాడికి నేరం అంటదు. కానీ కొట్టినవాడికి చంపాలని గానీ, తీవ్ర గాయం చేయాలని గానీ ఉద్దేశం ఉండకూడదు. తన దెబ్బతో అలా జరిగే అవకాశం ఉందని తెలిసి ఉండకూడదు కూడా. చట్టంలో దీనికి ఇచ్చిన ఉదాహరణ కత్తిసాము. సరదాగా కత్తిసాము చేద్దామని ఇద్దరు అనుకున్నారు. ఆ ఆటలో మోసం లేకుండా తగిలే దెబ్బలకు ఇద్దరూ ఒప్పుకున్నట్టే. ఒకడు ఆట ప్రకారం ఆడుతూ రెండోవాడికి గాయం చేస్తే అది నేరం కాదు.

ఆ ఉదాహరణలో రెండు మాటలు గమనించండి. సరదాగా, మోసం లేకుండా. 1860లో రాసిన ఆ ఉదాహరణ ఆట గురించి. పగతో "తేల్చుకుందాం రా" అనుకునే చోట అది అంత సులువుగా అతకదు. చట్టం వాచకంలో పగ అనే మాట లేదు నిజమే. కానీ పగతో కొట్టినవాడు "నాకు గట్టిగా కొట్టే ఉద్దేశం లేదు" అంటే కోర్టు నమ్మడం కష్టం.

కాబట్టి మీ సమ్మతి కమిలిన చర్మానికీ, వాచిన పెదవికీ, గీరుకుపోయిన మోచేతికీ సరిపోతుంది. ఎముక దగ్గరికి వచ్చేసరికి దానికి విలువ పోతుంది.

తీవ్ర గాయం అంటే ఏంటి? చెయ్యి విరిగితేనే కదా?

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 116వ సెక్షన్లో జాబితా ఉంది. ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి పోవడం, అవయవం గానీ కీలు గానీ పోవడం లేదా శాశ్వతంగా పనిచేయకపోవడం, తలకో ముఖానికో శాశ్వతంగా వికృతం రావడం, ప్రాణం మీదికి తెచ్చే ఏ గాయమైనా. ఇవన్నీ పెద్ద గాయాలేనని ఎవరికైనా తెలుసు. తెలియనివి ఇంకో రెండు ఉన్నాయి.

ఒకటి, ఎముక గానీ పన్ను గానీ విరగడం, లేదా స్థానం తప్పడం. అవును, పన్ను కూడా. రెండోది, పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడటం లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోవడం. ఐపీసీలో ఇది ఇరవై రోజులుండేది, కొత్త చట్టంలో పదిహేనుకు తగ్గించారు. అంటే గీత ఇంకా కిందికి దిగింది.

ఒక కేసు చెప్తాను. పాత చట్టం రోజుల్లోది. ఇద్దరు స్నేహితులు, ఇద్దరికీ ఇరవై దాటాయి. అప్పు విషయంలో మాటా మాటా పెరిగింది. సాయంత్రం వాలీబాల్ గ్రౌండులో తేల్చుకుందామనుకున్నారు. పద్ధతిగా షరతులు కూడా పెట్టుకున్నారు. కర్రలూ రాళ్లూ వద్దు, మధ్యలో ఎవరూ రావద్దు, కిందపడితే ఆపేయాలి. ఆ షరతులన్నీ ఇద్దరూ పాటించారు కూడా. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఒకడికి పై దవడ ముందు పన్ను విరిగింది. ఆ ముక్కను జేబురుమాలులో చుట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లాడు, అతికిస్తారేమోనని. అక్కడ డ్యూటీ డాక్టరు గాయాల వివరాలు రాసే వూండ్ సర్టిఫికెట్లో ఒక్క మాట రాశారు, గాయం గ్రీవస్ అని, అంటే తీవ్రమైనదని. ఆ ఒక్క మాటతో చిన్న గొడవ కాస్తా ఏడేళ్ల వరకు శిక్ష పడే సెక్షన్లోకి వెళ్లింది. వాయిదాల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఈలోపు వాళ్లిద్దరూ మళ్లీ కలిసిపోయారు కూడా. కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే గ్లాసులో టీ పంచుకుంటూ, ఒకడు ముద్దాయిగా, ఇంకొకడు సాక్షిగా పిలుపు కోసం ఎదురుచూసేవాళ్లు. చివరికి కోర్టు అనుమతితో రాజీ అయింది. విరిగిన పన్ను ఖరీదు కంటే వాయిదాల బస్సు చార్జీలే ఎక్కువయ్యాయి.

పన్ను విరగ్గొట్టాలని నేను కొట్టలేదు కదా?

మంచి ప్రశ్న. చట్టం కూడా దీన్ని పట్టించుకుంటుంది. గాయం తీవ్రమైనంత మాత్రాన, తీవ్ర గాయానికి శిక్ష వేసే 117వ సెక్షన్ దానంతటదే వర్తించదు. తీవ్ర గాయం చేయాలనే ఉద్దేశమో, అలా అయ్యే అవకాశం ఉందన్న తెలివిడో ఉండాలి. భుజం పట్టుకుని నెడితే వెనక్కి పడి మణికట్టు విరిగిందనుకోండి, వాదించడానికి చోటుంటుంది.

కానీ మీ మనసులో ఏముందో కోర్టు మీ చేతిని బట్టి చూస్తుంది. పిడికిలి బిగించి మూతి మీద కొట్టినవాడికి పన్ను విరగొచ్చని తెలియదా? ముక్కు మీద గుద్దినవాడికి అక్కడ ఎముక ఉందని తెలియదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మీ వకీలుకు చాలా కష్టం. చేతిలో కర్రో, కడియమో, సీసానో ఉంటే సంగతి ఇంకా మారిపోతుంది. ప్రమాదకరమైన వస్తువుతో చేసే గాయాలకు 118వ సెక్షన్ విడిగా ఉంది. దాని కింద తీవ్ర గాయానికి కనీసం ఏడాది నుంచి పదేళ్ల వరకు, లేదా యావజ్జీవం వరకు కూడా పడొచ్చు.

మామూలు దెబ్బలకు శిక్ష ఎంత?

సమ్మతి నిలబడకపోతే 115(2) కింద ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయానికి 117(2) కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా.

మేం నడిరోడ్డు మీద కొట్టుకున్నాం. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. అయినా కేసు పెట్టారు. ఇది అన్యాయం కదా?

మీకు అన్యాయంగా అనిపించడం సహజం. కానీ ఇక్కడ మీరు కొట్టింది ఒకరినొకరిని మాత్రమే కాదు. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది బహిరంగ స్థలంలో కొట్టుకుని ప్రజల ప్రశాంతతకు భంగం కలిగిస్తే అదే ఒక నేరం, 194వ సెక్షన్. శిక్ష నెల రోజుల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా వంద రూపాయలే ఉండేది.

ఈ నేరంలో మీ ఇద్దరి సమ్మతికి విలువే లేదు. ఇక్కడ బాధితులు మీరు కాదు. బస్టాండులో పిల్లను చంకనెత్తుకుని పక్కకు పరుగెత్తిన తల్లి, షట్టరు దించుకున్న కిరాణా కొట్టాయన, వాళ్లు బాధితులు. వాళ్లెవరూ మీ కొట్లాటకు ఒప్పుకోలేదు. 29వ సెక్షన్ కూడా ఈ మాటే చెప్తుంది. దెబ్బ తగలకపోయినా స్వతంత్రంగా నేరమయ్యే పనికి సమ్మతి రక్షణగా నిలవదు.

అయితే మా పొలంలోనో, మేడ మీదో ఎవరూ లేకుండా కొట్టుకుంటే?

194 వర్తించదు, అది బహిరంగ స్థలానికే. గాయాల సెక్షన్లు మాత్రం పొలం గట్టు దాటి కూడా వస్తాయి. ఇంకో సంగతి, ఇలాంటి చోటికి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. "ఊరికే తోడుగా" అని నలుగుర్ని వెంటేసుకుని వెళ్తారు. ఒక పక్క ఐదుగురు చేరి, అందరి ఉద్దేశం నేరం చేయడమే అయితే అది చట్టవిరుద్ధ సమూహం. అక్కడ బలప్రయోగం జరిగితే దొమ్మీ, దానికి రెండేళ్ల వరకు శిక్ష. తోడుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడు కూడా ఎఫ్ఐఆర్‌లో ఏ5, అంటే ఐదో ముద్దాయి అవుతాడు. వాళ్ల అమ్మానాన్నల ముఖాలు స్టేషన్ ముందు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బాండ్ పేపరు మీద "ఎవరికి ఏం జరిగినా ఎదుటివారికి బాధ్యత లేదు" అని రాసుకుని సంతకాలు పెడితే?

ఈ మధ్య ఇది ఎక్కువగా అడుగుతున్నారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించినా ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు. ఎదుటి మనిషికి గాయం చేసే ఉద్దేశంతో కుదుర్చుకున్న ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 23వ సెక్షనే చెప్తోంది. క్రిమినల్ కేసు నడిపేది ప్రభుత్వం, మీ మిత్రుడు కాదు. ప్రభుత్వం ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు.

పైగా ఆ కాగితం మీకే ఎదురు తిరుగుతుంది. చిన్న దెబ్బలైతే సమ్మతి ఉందనడానికి అది సాక్ష్యం కావచ్చు. కానీ జరగరానిది జరిగితే, ముందే అనుకుని, రోజు, సమయం పెట్టుకుని, ప్రాణాపాయం ఉండొచ్చని తెలిసి మరీ వెళ్లారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. వాట్సాప్‌లో "రేపు ఆరింటికి గ్రౌండుకి రా" అన్న మెసేజి కూడా అంతే.

పదిహేడేళ్ల తమ్ముడు ఒప్పుకుని వచ్చాడు. వాడు నాకంటే బలంగా ఉంటాడు. అయినా చెల్లదా?

చెల్లదు. 25వ సెక్షన్ కావాలంటే పద్దెనిమిది నిండాలి. కండలు కాదు, పుట్టిన తేదీ చూస్తారు. ఇంటర్ సెకండియర్ కుర్రాళ్లు, డిగ్రీ కుర్రాళ్ల మధ్య జరిగే గొడవల్లో ఇది తరచుగా వస్తుంది. మేజరైనవాడి మీద మామూలు కోర్టులో, మైనర్ మీద జువెనైల్ జస్టిస్ బోర్డులో, ఇలా రెండు చోట్ల రెండు కేసులు నడుస్తాయి.

తాగిన మైకంలో ఒప్పుకుంటే?

మత్తులో ఉండి తాను దేనికి ఒప్పుకుంటున్నాడో అర్థం చేసుకోలేని స్థితిలో ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదు. భయపెట్టి, అబద్ధం చెప్పి తీసుకున్నదీ అంతే. 28వ సెక్షన్. "నలుగురి ముందు పిరికోడా అంటే తప్పలేదు సార్" అని చెప్పినవాళ్లు ఎందరో. అలాంటి ఒప్పుకోలు ఎంత స్వేచ్ఛగా ఇచ్చిందో కోర్టు తప్పకుండా అడుగుతుంది.

మధ్యలో వాడు "చాలు, ఆపు" అన్నాడు. నేను ఇంకో రెండు కొట్టాను.

ఆ రెండూ సమ్మతి లేని దెబ్బలు. చేతితో నేల మీద తట్టినా, వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నా, స్పృహ తప్పినా అదే అర్థం.

కొట్లాటలో ఒకరు చనిపోతే?

నాకు రాయడానికే కష్టంగా ఉన్న ప్రశ్న ఇది. ఒక్క గుద్దుకు చనిపోతారా అంటారు. చాలాసార్లు చంపేది గుద్దు కాదు. గుద్దు తగిలి వెనక్కి పడినప్పుడు తల వెనక భాగం సిమెంటు రోడ్డుకో, కాలువ గట్టుకో కొట్టుకోవడం.

చట్టం ఇక్కడ కొంత దయ చూపిస్తుంది, కానీ వదిలిపెట్టదు. 101వ సెక్షన్లో హత్య నిర్వచనానికి ఐదు మినహాయింపులున్నాయి. ఐదోది, పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి తన సమ్మతితో చావు ప్రమాదాన్ని నెత్తిన వేసుకుని చనిపోతే అది హత్య కాదు, హత్య కిందికి రాని నరహత్య. అంటే హత్యకు శిక్ష వేసే 103 నుంచి ఇలాంటి నరహత్యకు శిక్ష వేసే 105కి దిగుతుంది. అయినా 105లో పదేళ్ల వరకు, కొన్ని పరిస్థితుల్లో యావజ్జీవం వరకు ఉంది.

నాలుగో మినహాయింపు గురించి జాగ్రత్తగా చదవండి. ముందుగా అనుకోకుండా, ఉన్నట్టుండి రేగిన గొడవలో, ఆవేశంలో, అన్యాయమైన పైచేయి తీసుకోకుండా జరిగితే అది కూడా హత్య కాదు. ఉన్నట్టుండి అన్నది ఇక్కడ కీలకం. సమయం, చోటు అనుకుని వెళ్లినవాళ్లు ఈ మినహాయింపు అడగలేరు. పెద్దమనుషుల్లా పద్ధతిగా తేల్చుకుందామని పెట్టుకున్న ఏర్పాటే ఆ తలుపు మూసేస్తుంది.

మరి బాక్సింగు, కుస్తీ, కరాటే ఎలా ఉన్నాయి? అక్కడా కొట్టుకుంటారు కదా?

కొట్టుకుంటారు. కానీ తీవ్ర గాయం కాకుండా చూడటానికే అక్కడ ఏర్పాటంతా ఉంటుంది. గ్లోవ్స్, పళ్లకు గార్డు, బరువును బట్టి జోడీ, పోటీకి ముందు డాక్టరు పరీక్ష, కిందపడినవాడికి లెక్కపెట్టే రిఫరీ, ఆపేసే అధికారం. ఇవన్నీ ఉన్నచోట "నాకు తీవ్ర గాయం చేసే ఉద్దేశం లేదు" అన్న మాట నమ్మదగ్గ మాట. 25వ సెక్షన్లోని కత్తిసాము ఉదాహరణ సరిగ్గా ఇక్కడ అతుకుతుంది. ఆట నియమాల ప్రకారం ఆడుతుండగా అనుకోకుండా ప్రమాదం జరిగితే 18వ సెక్షన్ కూడా తోడుంటుంది. తగిన జాగ్రత్త తీసుకుని, చట్టబద్ధమైన పని చట్టబద్ధంగా చేస్తుండగా జరిగిన ప్రమాదం నేరం కాదు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె పంచ్ ఏ వీధి గొడవలో గుద్దు కంటే తక్కువ బలమైంది కాదు. తేడా బలంలో లేదు, చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది.

ఆ ఏర్పాటు సరిగ్గా లేకపోతే క్రీడ అన్న పేరు కాపాడదు. 2022 జులైలో బెంగళూరులో జరిగిన ఒక కిక్‌బాక్సింగ్ పోటీలో మైసూరుకు చెందిన యువకుడు దెబ్బ తిని, తర్వాత ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. అక్కడ వైద్య ఏర్పాట్లు సరిగ్గా లేవని తండ్రి ఫిర్యాదు చేశారు. నిర్వాహకుల మీద నిర్లక్ష్యం కేసు పెట్టారు. ఇప్పుడైతే అది 106(1), ఐదేళ్ల వరకు శిక్ష. ఊళ్లలో జాతర పేరుతో, జిమ్ము ప్రారంభోత్సవం పేరుతో ఫైటు పోటీలు పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అంబులెన్సు బయట నిలబడి లేకుండా గంట కొట్టకండి.

దేవరగట్టులో ప్రతి దసరాకీ కర్రలతో కొట్టుకుంటారు కదా, దాన్ని ఎలా అనుమతిస్తున్నారు?

ఈ ప్రశ్న మా జిల్లాది, నేను తప్పించుకోలేను. హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి గుడి ఉంది. విజయదశమి అర్ధరాత్రి స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులను కిందికి తీసుకొస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు మూర్తులకు కాపలాగా ఒక పక్క. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దక్కించుకోవడానికి ఇంకో పక్క. దివిటీల వెలుగులో వేల కర్రలు లేస్తాయి. బన్ని ఉత్సవం అంటారు, పేపర్లలో కర్రల సమరం అని రాస్తారు. తెల్లారేసరికి ఎన్ని తలలు పగిలాయో లెక్క వస్తుంది. పగిలిన తలకు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి వెళ్లేవాళ్లను చూశాను.

ఉత్సవానికి ముందు ఆ మూడు ఊళ్లవాళ్లు పాలబాస చేస్తారు. పాలు ముట్టి, మా మధ్య పగలు లేవు, కలిసికట్టుగా ఉంటాం అని ప్రమాణం. వకీలుగా నాకు ఆ పాలబాస ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. సమ్మతికి అంతకంటే పాత, అంతకంటే పవిత్రమైన రూపం ఏముంటుంది? ఎదుటివాడు తలకు కొడితే మనసులో పెట్టుకోరు. మర్నాడు కేసు పెట్టాలన్న ఆలోచన కూడా రాదు.

అయినా చట్టం ముందు ఆ బాసకు స్టాంపు పేపరుకున్నంత విలువే. సంప్రదాయం అన్న కారణం మీద తీవ్ర గాయాన్ని మినహాయించే సెక్షన్ ఏదీ లేదు. కొనకు ఇనుప రింగు తొడిగిన కర్రతో చీకట్లో తలల మీద కొట్టేవాడికి ఏం జరగొచ్చో తెలియదని ఎవరూ అనలేరు. అందుకే ఏటా పోలీసులు ముందు నుంచే ఊళ్లలో సమావేశాలు పెడతారు, రింగులున్న కర్రలు స్వాధీనం చేసుకుంటారు, సారా మీద దాడులు చేస్తారు, వందల మందిని కొండ చుట్టూ దింపుతారు, కెమెరాలు పెడతారు. వైద్య శిబిరం కూడా కొండ కిందే పెడతారు. అంటే జరగనివ్వడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. వేల మంది భక్తిని లాఠీతో ఆపలేమని తెలిసి, నష్టం తగ్గించే దారి పట్టారంతే.

నా మాట అడిగితే, ఆ రాత్రి నాకు ప్రాణం. మా తాత భుజం మీద కూర్చుని చూశాను. అయినా చెప్తాను, రింగులూ మందూ పోవాలి. అవి లేకున్నా స్వామి కిందికి దిగుతాడు, మూర్తుల కోసం జనం తోసుకుంటారు, బన్ని బన్నిగానే ఉంటుంది.

వాడు మొదట కొట్టాడు, నేను తిరిగి కొట్టాను. ఆత్మరక్షణ కాదా?

హఠాత్తుగా మీద పడినవాణ్ణి ఆపడానికి కొడితే ఆత్మరక్షణ. 34 నుంచి 44 వరకు సెక్షన్లు మీ పక్షాన ఉంటాయి. కానీ ఇద్దరూ కొట్టుకోవాలనే బయల్దేరి వెళ్తే అది వేరే. 1954లో గజానంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మొదటి నుంచీ రెండు పక్షాలూ కొట్లాటకే సిద్ధమై వెళ్లినప్పుడు ఎవరు ముందు కొట్టారు, ఎవరు కాచుకున్నారు అన్నదానికి అర్థం లేదు. ఎవరు చేసిన గాయానికి వారే బాధ్యులు. "రా చూసుకుందాం" అన్న క్షణంలోనే మీరు ఆత్మరక్షణ హక్కును చేతులారా వదులుకున్నట్టు.

చుట్టూ నిలబడి చూసినవాళ్ల మీద, వీడియో తీసినవాళ్ల మీద కూడా కేసు పెడతారా?

దారిన పోతూ ఆగి చూసినవాడి మీద కాదు. "కొట్టరా, వదలకు" అని ఉసిగొల్పినవాడు, గుండ్రంగా నిలబడి బయటికి పోనివ్వనివాడు, పందెం కాసినవాడు వేరు. ప్రేరేపించినవాడు నేరం జరిగిన చోటే ఉంటే 54వ సెక్షన్ ప్రకారం తానే చేసినట్టు లెక్క. పందేనికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ గేమింగ్ చట్టం విడిగా ఉంది.

వీడియో సంగతి. తీసి గ్రూపులో పెట్టేది గొప్ప కోసం, కానీ చార్జిషీటులో మొదటి సాక్ష్యం అదే అవుతుంది. ఎవరు ముందు కొట్టారో, కిందపడ్డాక ఎన్ని కొట్టారో సెకన్లతో సహా.

స్టేషన్‌లో ఏం జరుగుతుంది? రాజీ కుదురుతుందా?

ఇద్దరూ ఫిర్యాదు ఇస్తే కేసు, కౌంటర్ కేసు అవుతాయి. ఇద్దరూ ముద్దాయిలే, ఇద్దరూ బాధితులే. పోలీసులు ప్రభుత్వాసుపత్రికి పంపి వూండ్ సర్టిఫికెట్ తెప్పిస్తారు. సెక్షన్లన్నీ దాని మీదే ఆధారపడతాయి. మళ్లీ గొడవ పడతారన్న అనుమానం ఉంటే బైండోవర్ చేస్తారు, ఏడాది వరకు శాంతిగా ఉంటామని బాండు రాయిస్తారు. ఆ ఏడాదిలో మళ్లీ చేయి లేస్తే బాండు సొమ్ము పోతుంది.

మామూలు దెబ్బల కేసులో దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే రాజీ అవుతుంది. 117(2)లో కోర్టు అనుమతి కావాలి. లోక్ అదాలత్‌లో ఇలాంటివి చాలా ముగుస్తాయి. రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. స్టేషన్ అరుగు మీద పెద్దమనుషులు రాయించే కాగితానికి మాత్రం ఆ విలువ రాదు, కోర్టులో నమోదు కావాలి.

ఉద్యోగానికి ఇబ్బందా?

కానిస్టేబుల్ పరీక్ష రాసే కుర్రాళ్లు టెన్షన్ పడుతూ అడిగే ప్రశ్న. కేసు ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోదు, అధికారులు కేసు స్వభావం చూస్తారు. కానీ ఫారంలో అడిగినప్పుడు దాచిపెడితే అదే పెద్ద తప్పవుతుంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది ఈ దాచిపెట్టడం గురించే. రాజీ అయిన కేసైనా సరే, అడిగితే రాయండి.

టెక్సాస్‌లో, సియాటిల్‌లో ఒప్పుకుని కొట్టుకోవడం లీగల్ అని రీల్స్‌లో చూశాం. నిజమేనా?

సగం నిజం. డల్లాస్, ఆస్టిన్, సియాటిల్‌లో మన పిల్లలు ఎందరో చదువుతున్నారు కాబట్టి వివరంగా చెప్తాను. టెక్సాస్ శిక్షాస్మృతి 22.06 సెక్షన్ ప్రకారం, తీవ్ర గాయం కాకుండా, అయ్యే ప్రమాదం లేకుండా ఉంటే సమ్మతిని ప్రతివాదంగా చెప్పుకోవచ్చు. అంటే మన 25వ సెక్షన్‌కు దగ్గరి చుట్టమే. పైగా అక్కడ కూడా బహిరంగ స్థలంలో కొట్టుకోవడం వేరే నేరం, 42.01 కింద. సియాటిల్ నగర చట్టం పక్కవాళ్లకో వాళ్ల ఆస్తికో ప్రమాదం తెచ్చే కొట్లాటను నేరం అంటుంది. ఆ పక్కవాళ్లు అన్న మాట పట్టుకుని, పక్కవాళ్లకు ప్రమాదం లేకపోతే అంతా అనుమతే అని రీల్స్‌లో చెప్పేస్తున్నారు.

ఇంగ్లండ్‌లో ఇంకా కఠినం. పద్దెనిమిది, పదిహేడేళ్ల కుర్రాళ్లిద్దరు వీధిలో తేల్చుకుందామని కొట్టుకున్నారు. ముక్కు నుంచి రక్తం, కొన్ని కమిలిన గాయాలు, అంతే. 1981లో అప్పీలు కోర్టు ఇలాంటి కొట్లాటలో సమ్మతి చెల్లదని తేల్చింది. కెనడాలో జోబిడన్ కేసు, 1991. బారు బయట ఇద్దరూ ఒప్పుకుని పిడిగుద్దులకు దిగారు, ఒకరు చనిపోయారు. సమ్మతి ఉందని కింది కోర్టు వదిలేసింది, సుప్రీంకోర్టు నరహత్య శిక్షను ఖాయం చేసింది.

విదేశంలో ఉన్న విద్యార్థికి శిక్ష కంటే అరెస్టే పెద్ద దెబ్బ. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. శిక్ష పడిందా అని మాత్రమే కాదు.

కొట్లాట ఇప్పుడే అయిపోయింది. ఏం చేయాలి?

ముందు విడిపోండి, ఒకరింటికి ఒకరు మళ్లీ వెళ్లకండి. రక్తం వచ్చినా, వాపు ఉన్నా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. డాక్టరుకు నిజం చెప్పండి. "బాత్రూంలో జారిపడ్డాను" అని చెప్పి, రెండ్రోజుల తర్వాత కొట్టారని ఫిర్యాదు ఇస్తే కోర్టులో మీ మాట నిలవదు. మీ దగ్గరున్న మెసేజీలు, వీడియోలు డిలీట్ చేయకండి. వకీలుతో మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

తలకు దెబ్బ తగిలినవాడు లేచి నవ్వుతూ మాట్లాడుతున్నా ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి, మద్యం తాగనివ్వకండి. లోపల రక్తం నెమ్మదిగా చేరుతుంటే గంటల తర్వాత గానీ బయటపడదు. పక్కన ఎవరో ఒకరు ఉండి మధ్యమధ్యలో లేపి పేరు, ఊరు అడగండి. వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, లేపితే లేవకపోయినా, ఒక కంటిపాప పెద్దగా కనిపించినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారుతున్నా, పోలీసులు వస్తారేమో అని ఆలోచించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.